తోపులో అమ్మ మొక్కు

పెద్దబాతు సంచిలో ఊరుకోవడం లేదు. వెన్యా మనసూ అంతే.

ఊరి మధ్యనుంచి రావలసినవాడు, కోత అయిపోయిన చేలకు అడ్డంపడి చుట్టుదారిన వచ్చాడు. చచ్చిపోయిన తండ్రి తెల్లకోటు ఒంటికి బిగుతుగా ఉంది. టోపీ కనుబొమ్మల దాకా లాక్కున్నాడు. గడ్డం కాలర్లోకి దోపుకున్నాడు. ఇంత చేసినా, తోపు అంచున మొదట ఎదురుపడింది సైవి. ఆమె చెవిన పడిన మాట సాయంత్రానికల్లా వోల్గా నది దాటుతుంది.

"ఎవరూ, అయ్వికా కొడుకువేనా? ఆ నడకేంటి నాయనా, దొంగలాగా? బాతు మీదేనా, ఎత్తుకొచ్చావా?"

"మాదే పిన్నీ. అమ్మ పెంచింది."

"ఎలా ఉంది అమ్మకి?"

"సూపు కూడా గొంతు దిగడం లేదు."

సైవి వేళాకోళం మానేసింది. "పద. లోపల గట్టిగా మాట్లాడకు. కొమ్మా రెమ్మా విరవకు. అయినా నీకు చెప్పాలా, చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చాటుగా వచ్చినవాడివే కదా."

అయ్వికా మంచాన పడి మూడు నెలలు. నిన్న కొడుకుని పిలిచి ఒక్కటే అడిగింది.

"నీకు ఆరేళ్ళప్పుడు జ్వరమొస్తే తోపులో లిండెన్ చెట్టుకి పెద్దబాతుని ఇస్తానని మొక్కుకున్నానురా. నువ్వు బతికావు. దేవుడంటేనే జైల్లో పెట్టే ఆ రోజుల్లో సర్కారుకి భయపడి మొక్కు తీర్చలేదు. తర్వాత నీ మొహం చూసి అడగలేకపోయాను. ఇప్పుడు నడవలేను. నా బదులు నువ్వెళ్ళు."

అప్పటినుంచి వెన్యాకి కుదురు లేదు. కాదనలేడు. సరేననీ అనలేడు. అనకుండానే వచ్చేశాడు.

చెట్లకింద అరవైమంది దాకా ఉన్నారు. అందరివీ తెల్లబట్టలే. రొట్టెలు, తేనె, అట్లు తెచ్చి చెట్ల మొదళ్ళలో పెడుతున్నారు. పెద్ద పెద్ద బానల కింద మంటలు. ఎనభై దాటిన తోయ్మెత్ తాత ఆ తోపుకి పూజారి. ఆయన బాతుని చేతుల్లోకి తీసుకున్నాడు.

"తాతా, ఒక్క మాట. మన మారీ జాతివాళ్ళని పేగన్లు అంటారే, అసలు పేగనంటే ఏంటి?"

"అడగడానికి ఇప్పుడా తీరింది?" ముసలాయన నవ్వాడు. "మా మనవరాలు పుస్తకంలో చదివి చెప్పింది. ఎప్పటిదో పరాయి భాషలో పల్లెటూరివాడని అర్థమట. పట్నంవాళ్ళు కొత్త దేవుణ్ణి పట్టుకున్నాక, పాత దేవుళ్ళని వదలని మోటు మనుషుల్ని అలా వెక్కిరించారట. పల్లెటూరివాణ్ణి పల్లెటూరివాడంటే నాకెందుకు కోపం?"

"సైతానుని కొలుస్తారని కూడా అంటారుగా."

"అంటారు. వింటూనే ఉన్నాం." తాత చూపు వెన్యా మీదనుంచి కదల్లేదు. "నువ్వు దేనికొచ్చావు?"

"అమ్మ కోసం."

"అయితే చాలు."

తాత బాతు వీపు మీద నీళ్ళు పోశాడు. దాని ఒళ్ళు జలదరిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు.

బాతు కదల్లేదు.

రెండోసారి పోశాడు. రాయిలా కూర్చుంది. చుట్టూ గొణుగుడు ఆగిపోయింది.

దేవుడు వద్దంటే పీడా పోయిందనుకుని ఇంటికి పోవచ్చని దారి పొడుగునా అనుకున్నాడు వెన్యా. ఇప్పుడు పిడికిళ్ళు బిగించి 'వణుకు, వణుకు' అని లోలోపల బతిమాలుతున్నాడు. ఎవర్ని బతిమాలుతున్నాడో తనకే తెలీదు. ఇన్నేళ్ళలో ఇంత గట్టిగా ఎప్పుడూ ఎవర్నీ అడగలేదని మాత్రం తెలిసింది. తెలిసి భయం వేసింది.

మూడోసారి నీళ్ళు పడ్డాయి. మెడ దగ్గర మొదలైన వణుకు తోక దాకా పాకింది.

అరవైమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. వెన్యా చూసుకునేసరికి మోకాళ్ళమీద ఉన్నాడు. అలవాటుకొద్దీ కుడిచెయ్యి నుదుటి మీదికి లేచి, సగంలో ఆగిపోయింది. నోట్లో ఉన్నది అమ్మ పేరొక్కటే.

మధ్యాహ్నానికి బాతు సూపు సిద్ధమైంది. సైవి చిన్న గిన్నెలో పోసి గుడ్డ చుట్టి ఇచ్చింది. వెన్యా తలదించుకుని మళ్ళీ చేలవైపు తిరిగాడు.

"అటెక్కడికి?" అన్నాడు తాత. "సూపు చల్లారిపోతుంది. ఊరి మధ్యనుంచే పో."

వెన్యా వెనక్కి తిరిగాడు. తర్వాత కాలర్లోంచి గడ్డం పైకి లాక్కుని ఊరి దారి పట్టాడు. సైవి తోడుగా నడిచింది.

రోడ్డెక్కాక సైవి తలగుడ్డ సర్దుకుంది. చేతులు కట్టుకుని, ఎక్కడలేని మర్యాదతో అడిగింది.

"ఆదివారం ఎప్పటిలాగే తొమ్మిదింటికి అందరం చర్చికొస్తాం గానీ, ఈ వారం ప్రసంగంలో మమ్మల్ని ఏమని తిడతారు, ఫాదర్ గారూ?"