తప్పు జరగకముందే ఈల

ఆటగాళ్ల చేతిపట్టీలు ఉద్దేశాన్ని పసిగట్టి, తప్పు జరగకముందే ఈల వేసే రూలు వచ్చిన ఏడాది, కబడ్డీ ఫైనల్లో ప్రత్యర్థి కాలు పట్టుకున్న పైడితల్లిని, చేతిపట్టీ ఈల వేయగానే బయటికి పంపేశారు. జట్టు ఓడిపోయింది.

ఇంట్లో వంకాయలు తరుగుతున్నా ఆమె కోపం చల్లారలేదు.

"మిషను అబద్ధమాడదు గదే. ఆ పిల్ల కాలు మెలిపెట్టాలనిపించిందా, నేదా?" అన్నాడు భర్త అప్పన్న.

"అనిపించింది. మెలిపెట్టానేటి? నన్ను నేను ఆపుకున్నాను. ఆ ఆపుకోడం దానికి అగుపడనేదేటి?"

కత్తిపీట పక్కకు నెట్టి, తిన్నగా లీగు ఆఫీసుకెళ్లి, రూలు తెచ్చిన చైర్మన్ ఎదుట నిలబడి, దాన్ని మార్చమంది. మార్చడం కుదరదమ్మా అని ఆయన మర్యాదగా నవ్వాడు.

"అయ్యా, ఇప్పుడు మీ చెంప పగలగొట్టాలనుంది. కొట్టనేదు. మరి నేను తప్పు చేసినట్టా, చెయ్యనట్టా?"

చైర్మన్ నవ్వు ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.