ఒక్కసారికే పనిచేసే అంకెలు

"లెయ్ తియెహు పేరు మీద ఏమైనా వచ్చిందా అక్కా?"

పెట్టెలు సర్దుతున్న చియూ పిన్ని చేతిలో స్కానరు అలాగే ఆగిపోయింది.

చైనాలోని చాంగ్షా నగరంలో ఓ అపార్ట్‌మెంటు కింది అంతస్తులో, లిఫ్టుకు ఎదురుగా, ఆమె పార్సిళ్ల కొట్టు పెట్టి ఆరేళ్లయింది. రోజూ ఎనిమిది వందల పెట్టెలు ఆమె చేతుల మీదుగా పోతాయి. మనుషులు ఎదురుపడితే ఫోన్లోకి తల దించుకుంటారు గానీ, వాళ్ల పెట్టెలు అన్నీ చెప్పేస్తాయి. ఎవరికి జుట్టు ఊడుతోందో, ఎవరింట్లో బిడ్డ పుట్టబోతోందో, ఎవరు ఒక్కరికి సరిపడా నూడుల్స్ తెప్పించుకుని తింటున్నారో పిన్నికి తెలుసు.

లెయ్ తియెహు అన్న పేరు వారానికి నాలుగైదుసార్లు చూస్తుంది. పన్నెండో అంతస్తు. తీసుకెళ్లేది మాత్రం ఎప్పుడూ యావ్ లిన్. సన్నగా, తన పనేదో తాను చూసుకుపోయే పిల్ల. మీ ఆయన ఏడమ్మా అని ఎన్నిసార్లడిగినా, దూరంగా పని అని నవ్వేసి, అక్కడే పెట్టె విప్పి, పేరూ నంబరూ ఉన్న చీటీతో సహా ఖాళీ అట్టను గుమ్మం పక్క గుట్టలో పడేసి పోతుంది. ఆమె తలుపు ముందు పెద్ద పెద్ద మగ బూట్లు రెండేళ్లుగా ఉన్నాయి. బూట్లున్నాయి గానీ మనిషి లేడు.

ఇన్నాళ్లకు వచ్చాడు.

పిన్ని అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "తియెహు, అంటే ఇనుప పులి అని పేరు పెట్టుకున్నావు, మల్లయోధుడిలా ఉంటావనుకున్నాను. ఇదేంటి బాబూ, నానిపోయిన నూడిల్‌లా ఉన్నావు."

అతను నొచ్చుకోలేదు. "పేరు పెట్టినవాళ్లని అడగాలక్కా."

పద్ధతి ప్రకారం ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు అడిగింది. తడుముకోకుండా చెప్పాడు. తలుపు నంబరు చెప్పాడు. పిల్లికి పెట్టే మేత ఏ రకమో, లిన్ కాలి కొలత ఎంతో, అడక్కుండానే చెప్పాడు. పెళ్లాం చెప్పుల సైజు తెలిసిన మగాణ్ణి పిన్ని తన జన్మలో చూడలేదు. ఆమె మొగుడికి ఆమె పుట్టినరోజే గుర్తుండదు. మనసు కరిగిపోయింది.

స్టూలు జరిపి కూర్చోబెట్టి, టీ పోసింది. అప్పుడు చెప్పుకొచ్చాడు. దేశానికి పడమటి కొసన, ఉరుంచీ అవతల గాలిమరల పని. ఏడాదికోసారి కూడా సెలవుండదు. లిన్‌కు విసుగొచ్చింది. ఇద్దరూ విడాకులకు రాసిచ్చారు. మనసు మార్చుకోవడానికి సర్కారు ఇచ్చే ముప్ఫై రోజుల గడువు రేపటితో సరి.

"ఒక్క అరగంట ఎదురుగా కూర్చుంటే చాలక్కా. తలుపు తాళం తెరిచే అంకెలు మార్చేసింది. నేనొచ్చానని తెలిస్తే ఇటు నుంచి ఇటే వెళ్లిపోతుంది."

 పోయినేడు ఇవే ముప్ఫై రోజులు పిన్ని కొడుక్కూ కోడలికీ నడిచాయి. వాళ్ల గొడవ మనకెందుకులే అని ఆమె నోరు మూసుకుని కూర్చుంది. ఇప్పుడు మనవడు ఆదివారాలు ఫోన్లో బొమ్మలా కనిపిస్తాడు. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

పిన్ని లిన్ ఆఫీసుకు ఫోన్ చేసింది. మీ ఊరి నుంచి చేపల పెట్టె వచ్చింది, ఐసు కరిగి కారుతోంది, నా కొట్టంతా కంపు, ఫ్రిజ్‌లో పెట్టమంటావా అని అడిగింది. ఇంత చక్కగా అబద్ధం ఆడగలనని ఆమెకే తెలియదు.

లిన్ గొంతు తగ్గించింది.

"మీరే పెడతారుగా పిన్నీ? ఇంకెవర్నీ పంపకండి."

"నేనే పెడతాలే. ఏం, మీ ఇంట్లో బంగారం గనుందా?"

లిన్ నవ్వింది. నిమిషంలో తలుపు తాళం ఆరంకెలు ఫోన్‌కు వచ్చాయి. ఒక్కసారికే పనిచేస్తాయి, తర్వాత చెల్లవు. పిన్ని వాటిని కాగితం మీద రాసి అతని చేతిలో పెట్టింది. అతను రెండు చేతులతో అందుకుని వంగి దణ్ణం పెట్టాడు. లిఫ్టు ఎక్కేముందు ఒక్కటే అడిగాడు, ఆమె ఎన్నింటికి వస్తుందని. ఆరున్నరకని పిన్ని చెప్పింది. అడిగి వెతికించిన పార్సిల్ మాత్రం కౌంటరు మీదే మర్చిపోయి పోయాడు. పాపం, ఆ కంగారులో పెట్టెలు ఎవరికి గుర్తుంటాయి అనుకుంది.

ఆ మధ్యాహ్నమంతా పిన్నికి కాళ్లు నేల మీద ఆనలేదు. పార్సిళ్లకు వచ్చినవాళ్లతో ఊరికే నవ్వింది.

ఆరున్నరకు లిన్ వచ్చింది. ఎండకు ముఖం వాడిపోయి ఉంది.

"చేపలు లోపల పెట్టారా పిన్నీ?"

"అంతా లోపలే ఉంది. నువ్వు వెళ్లు తల్లీ."

"మీరు లేకపోతే నా గతేంటో."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. పిన్ని ఆ ఎర్ర అంకెల వంకే చూస్తూ నిలబడింది. అయిదు. తొమ్మిది. పన్నెండు. ఇక నోరు ఆగలేదు. ఫోన్ తీసి ఒక్క ముక్క కొట్టి పంపింది. అలక మాని ఇవాళ మీ తియెహుకి నీ చేత్తో ఇంత అన్నం పెట్టు.

జవాబు వెంటనే వచ్చింది, పగలబడి నవ్వుతున్న మూడు బొమ్మలతో: "కనిపెట్టేశారన్నమాట పిన్నీ, ఒంటరిగా ఉంటున్నానని ఎవరికీ తెలియకూడదని పార్సిళ్ల మీద నేను కల్పించి రాసుకున్న పేరు అది, పేరుకి అన్నమెలా పెట్టమంటారు, తలుపు తీస్తున్నా, రేపు కలుస్తా."