సులువైన తప్పు

మా సముద్రతీరపు ఊరు గ్రేమౌత్ లైబ్రరీలో ప్రతి శనివారం మా సమావేశం. కొత్తగా కోడ్ రాసేవాళ్ళు, తాము సాయపడగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను, అంటే ఎవరైనా కోడ్ చూసి సరిదిద్దగలిగేవాటిని, వెతుక్కునేది అక్కడే. నేను రాసిన, ఆటుపోట్ల వేళలు చెప్పే ప్రోగ్రామును ఈ తీరమంతా ఉచితంగా వాడుకుంటుంది. పదకొండేళ్ళలో ఒక్క కృతఘ్నుడూ దానికి ఒక్క వరుస కోడ్ రాసివ్వలేదు.

ఆ రోజు టెగన్ అనే అమ్మాయి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏడాదికి రెండుసార్లు గడియారాలను గంట ముందుకో వెనక్కో మార్చే రోజున మీ ప్రోగ్రాం పోటు వేళను గంట తేడాగా చూపిస్తోంది. ఆర్నెల్లుగా ఆ తప్పు అలాగే పడుంది. అంత కష్టమా పెద్దాయనా?"

నాకు ఒళ్ళు మండింది. "కష్టమా! రెండు నిమిషాల పని. కొత్తవాళ్ళెవరైనా వస్తే మొదలుపెట్టడానికి సులువైనది ఒకటి ఉండాలని కావాలనే ముట్టుకోలేదు. మా ఓపెన్ సోర్స్ వాళ్ళలో అది ఆచారం. నీలాంటివాళ్ళ కోసమే అట్టిపెట్టానమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది.

"పోయిన నెల గడియారాలు మార్చిన రోజే మా నాన్న మీ లెక్క నమ్మి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటబోయాడు. పడవ ఒక్కటే దొరికింది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"పాపం, ముసలాయన ఒక్కడే ఆ తప్పు సరిచేసుకోలేకపోతున్నాడేమో అనుకుని, మీకు సాయం చేద్దామని వచ్చానండీ."