ఊఁ కొట్టే ఉద్యోగం

కొత్త చట్టం వచ్చాక తణుకులో మంగతాయారుకి ఊఁ కొట్టే ఉద్యోగం దొరికింది. శాస్త్రవేత్తలు ఏం కనిపెట్టినా ముందు ఆమెలాంటి మామూలు మనిషికి చెప్పాలి. నిజంగా అర్థమై ఆమె ఊఁ అంటే బల్లమీది డబ్బా పచ్చగా వెలుగుతుంది. అప్పుడే ఆ సంగతి పొలాలకో ఆసుపత్రులకో వెళుతుంది.

వరి మీద పనిచేసే హిమజ రావడం అది మూడోసారి. రెండుసార్లూ డబ్బా వెలగలేదు. ఈసారీ ఆ పిల్ల "లవణ సహనశీలత" అంటూ మొదలుపెట్టింది. దాని పీక్కుపోయిన మొహం చూసి మంగతాయారు మనసు కరిగిపోయింది. ఉల్లిపాయలు తరుగుతూ మాటమాటకీ ఊఁ కొట్టింది. డబ్బా ఉలకలేదు, పలకలేదు.

"నీ దుంప తెగ, అంటున్నాగా!" అని డబ్బాని కసిరి, హిమజ ముందు పెసరట్టు పెట్టింది. "ముందు తినవే. దీని సంగతి నేను చూస్తాను."

హిమజ కాగితాలు పక్కన పడేసి అట్టు తుంచింది. "ఏం లేదు పిన్నీ. సముద్రం నీళ్లు మన చేలల్లోకొచ్చి వరి చచ్చిపోతోంది కదా. అందుకని నారుగా ఉన్నప్పుడే రోజూ కాసిని ఉప్పునీళ్లు అలవాటు చేశాను. వారానికి అన్నీ వాడిపోయాయి. ఏడ్చేశాను. పదోరోజు పొద్దున్న చూద్దును కదా, ఒక్క మొక్క తలెత్తింది!"

మంగతాయారు చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "ఊఁ... తర్వాత?"

డబ్బా పచ్చగా వెలిగింది. అందరికీ చూపించాలని హిమజ ఎంగిలిచేత్తోనే ఆ డబ్బాని అందుకుని గుమ్మం వైపు పరిగెత్తింది.

మంగతాయారు అట్లకాడ అడ్డం పెట్టింది. "ఎక్కడికే? ఆ మొక్క ఏమైందో చెప్పి కదులు!"