బయటి కాపీ

“నా పాటలేమైనయ్?”

రాజ్‌కుమార్ ల్యాప్‌టాప్‌ను పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వనిత పోపు మీది నుంచి తలెత్తలేదు.

“తొమ్మిది వేల పాటలున్నయ్ గద. ఏదో ఒకటి వినున్రి.”

“గవి గాదు. నేను పాడినయ్. రెండొందల పద్నాలుగు. ఫోల్డరే లేదు.”

నస్పూర్‌లోని ఆ బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్‌లో పాటల పెత్తనమంతా రాజ్‌కుమార్‌దే. ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, టీవీ, వంటింటి స్పీకరు, అన్నింటినీ ఒకదానికొకటి ముడేసి పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ పాటల మధ్యలోకి ఆయన సొంతంగా పాడుకున్నవి కూడా దూరాయి. ఏ గాయనో తీయగా పాడి ముగించేది, వెంటనే మొగుడి గొంతు అందుకునేది. శ్రుతి ఒక దారిన, ఆయన ఒక దారిన. మొన్న పక్కింటి దేవవ్వ గోడ మీదుగా తొంగిచూసి “వనితా, మీ ఆయనకు పన్ను నొప్పి తక్కువైందా?” అని అడిగింది. ఆ గొంతు ఇక గోడ దాటకూడదని వనిత అప్పుడే తీర్మానించుకుంది.

తన ఫోన్‌లో మూడుసార్లు తుడిచింది. మూడుసార్లూ అవి గంటలో తిరిగొచ్చి కూర్చున్నాయి. నిన్న ఆయన డ్యూటీకి పోయాక, అన్నింటికీ పెద్ద అయిన ల్యాప్‌టాప్‌లోనే తుడిచేసింది. పెద్దది మరిచిపోతే చిన్నవన్నీ వరుసగా మరిచిపోయాయి. అలా అమర్చింది ఆయనే.

“వైరస్ వచ్చిందేమో” అంది.

“వైరస్ అయితే అన్నీ తినాలె గద. నావే ఎందుకు తిన్నది?”

“గవి తిన్నదంటే దాని ఓపికను మెచ్చుకోవాలె.”

ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. వనితకు జాలేసింది. గరిటె కింద పెట్టేంత జాలి కాదు.

“మీరంత నవ్వుతరని నాకెరుకే” అన్నాడు రాజ్‌కుమార్ ల్యాప్‌టాప్ మూస్తూ. “నేను గంత పిచ్చోణ్ని గాదు. ఏదైనా మూడు కాపీలుండాలె, అండ్ల ఒకటి ఇంటి బయట ఉండాలె. ఇల్లు కాలినా పాట కాలద్దు.”

“ఇల్లు కాలినంక పాటలతోని ఏం జేస్తరు?”

“వింటం.”

వనిత స్టౌ మంట తగ్గించింది. “ఏడున్నది గా బయటి కాపీ?” అని చాలా మామూలుగా అడిగింది.

“ఉన్నది. పైలంగ ఉన్నది. పొద్దుమీకి వచ్చేటప్పుడు తెస్త” అని టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి బయల్దేరాడు.

బండి సందు మలుపు తిరిగిందో లేదో, వనిత మంచిర్యాలలో ఉన్న ఆడబిడ్డ జమునకు ఫోన్ కలిపింది.

“జమునా, మీ అన్న నీకేమన్న పెన్‌డ్రైవ్ ఇచ్చిండా?”

అవతల జమున గొంతు తగ్గించింది. “ఇచ్చిండు వదినె. కార్ల పెట్టుకోమన్నడు. జర అన్నకు చెప్పద్దు మరి. మొదటి పాటకే మా ఆయన కారు పక్కకాపి దిగిండు. ఇంజన్ల ఏదో ఒరుసుకుంటాందని బానెట్ లేపి సూసిండు.”

“ఇప్పుడు గది ఏడున్నది?”

“ఉన్నది గని, అండ్ల పాటల్లేవు. అన్నీ సాఫ్ జేసి ఒగ్గుకథలు ఎక్కిచ్చినం. తప్పైందా వదినె?”

“నువ్వు సల్లగుండాలె బిడ్డా” అని ఫోన్ పెట్టేసింది వనిత.

తీరిగ్గా చాయ్ పెట్టుకుంది. గ్లాసు పట్టుకుని వాకిట్లో కూర్చుని మొదటి గుక్క తాగబోతుండగా, సందు చివర మొగుడి గొంతు వినిపించింది. డ్యూటీకి పోయినాయన తిరిగొచ్చాడేమో అనుకుంది. ఆ గొంతు ఈసారి మామూలుగా లేదు. మైకులో ఉంది.

మున్సిపాలిటీ చెత్త ఆటో సందులోకి తిరిగింది. తడి చెత్త, పొడి చెత్త అని చెప్పాల్సిన మైకులోంచి రాజ్‌కుమార్ ప్రియురాలిని తలుచుకుని కుమిలిపోతున్నాడు. ప్రతి ఇంట్లోంచి ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని ఉరికొస్తున్నారు. మోకాళ్ల నొప్పులని రోజూ గేటు దగ్గరే నిలబడి అరిచే దేవవ్వ అందరికంటే ముందుంది.

వనిత గ్లాసు అరుగు మీద పెట్టి ఆటోకు అడ్డంగా నిలబడింది.

“కొమురెల్లీ, గిదేంది?”

“సార్ పాటలే అక్కా” అన్నాడు రాజ్‌కుమార్ చాయ్ దోస్తు, డ్రైవర్ కొమురెల్లి, మైకు తగ్గించకుండా. “పోయిన వారం చాయ్ హోటల్ కాడ పెన్‌డ్రైవ్ ఇచ్చిండు, నీ తాన పైలంగ పెట్టు అని. ఉత్తగ ఉంచుడెందుకని మైకుకు పెట్టిన. వారం సంది అవతలి కాలనీల నడిచింది, ఇయ్యాల్టి సంది మీ లైను నాకే వేసిన్రు.”

“జనం ఏమంటున్రు?”

“మస్తుగ పనైతాంది. పాట మొదలు గాంగనే ఉరికొచ్చి చెత్త పోసి, జల్ది పో తమ్మీ అని తోలుతున్రు. గంట పట్టే లైను పావుగంటల ఖతం.”

దేవవ్వ బకెట్ దులుపుతూ వనిత మొహంలోకి చూసింది. చెంప మీద చెయ్యి వేసుకుంది. నోటితో అడిగినా బాగుండేది.

“గది ఖరాబైందట. మీ సార్ తెమ్మన్నడు, నాకియ్యి” అంది వనిత.

కొమురెల్లి వెంటనే పీకి ఇచ్చాడు. సందంతా ఒక్కసారిగా చల్లబడింది. వనిత ఆ పెన్‌డ్రైవ్‌ను గేటు దగ్గరున్న తన తడి చెత్త బకెట్లో అన్నం మెతుకుల కిందికి నొక్కి, బకెట్ మొత్తం ఆటోలో కుమ్మరించింది.

“పోతే పోనీ అక్కా, ఫికర్ లేదు” అన్నాడు కొమురెల్లి బండి స్టార్ట్ చేస్తూ. “నా స్పీడు జూసి మా ఆఫీసరు నిన్ననే గా పాటలు మిగిలిన పన్నెండు ఆటోలకు ఎక్కిచ్చిండు.”