చొక్కా మీద పూల వాసన

"ఈ చొక్కాకి ఏదో వాసన వస్తున్నట్టుంది. మీకేమైనా తెలుస్తోందా?" అంది భార్య, కొక్కేనికి ఉన్న తెల్ల చొక్కా తీసి చేతికిస్తూ.

అద్దం ముందు తల దువ్వుకుంటున్న కళ్ళజోళ్ళ దుకాణదారు చొక్కా అందుకుని మెడపట్టీ దగ్గర వాసన చూశాడు. పూల వాసన. అందులోనూ ఆడవాళ్ళు పూసుకునే సెంటు వాసన. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

దుకాణం పై అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ ఉంది. ఈయనగారి ముప్ఫై రెండు పళ్ళూ గుండ్రాళ్ళలా ఉన్నాయి. అయినా మూడు నెలలుగా వారానికి రెండు మధ్యాహ్నాలు పంటి నొప్పి పేరు చెప్పి మెట్లెక్కుతున్నాడు. నిన్న ఎక్కింది ఈ చొక్కాతోనే. పాపం భార్య ఆ నొప్పిని నమ్మి, మూడు నెలలుగా ఆయనతోపాటు తనూ మెత్తగా ఉడికించిన తిండే తింటోంది.

ఆమె గొంతు తగ్గించి అడిగింది. ముఖంలోకి సూటిగా చూడటం లేదు, చేతిలో తువ్వాలు నలిపేస్తోంది. అరిచే ఆడవాళ్ళకంటే ఇలా మెత్తగా అడిగేవాళ్ళతోనే ప్రమాదమని ఆయన నమ్మకం.

"అదా," అన్నాడు. "నీకోసం నిన్న ఒక సెంటు కొన్నాను. ముందే తెలిస్తే మజా ఉండదని చెప్పలేదు. కొట్లో అమ్మాయి ఎలా ఉందో చూడమని నా చొక్కా మీదే కొట్టింది."

"నాకోసమా?"

"మరింకెవరికోసం? దుకాణంలో మర్చిపోయి వచ్చాను. సాయంత్రం తెస్తాలే."

ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. సరే తీసుకురండి అని, చొక్కా ఉతుక్కి వేస్తానంటూ చెయ్యి చాపింది. ఇంకో పూట తొడుక్కుంటే ఏం కాదులే అని ఆయన గబగబా గుండీలు పెట్టేసుకుని బయటపడ్డాడు.

ఇక సాయంత్రంలోగా ఆ సీసా దొరకాలి. దొరక్కపోతే పన్నెండేళ్ళ కాపురం బజారుకెక్కుతుంది. డాక్టరమ్మనే అడుగుదామంటే, ఆవిడ నిన్న సాయంత్రమే ఏదో సదస్సుకని ఊరెళ్ళింది, ఫోను ఎత్తడం లేదు. చేసేది లేక సెంటు కొట్ల మీద పడ్డాడు.

నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. డాక్టరమ్మ దగ్గర లవంగ నూనె, రబ్బరు తొడుగుల వాసన తప్ప ఇంకోటి తనెప్పుడూ ఎరగడు. మరి ఈ పూల సెంటు ఎప్పుడు మొదలుపెట్టినట్టు? తనకోసమే అయ్యుంటుంది. అంత కంగారులోనూ ఆయన కాస్త మురిసిపోయి, దారిలో కనిపించిన కిటికీ అద్దంలో క్రాపు సరిచేసుకున్నాడు.

మొదటి కొట్లో కాగితం ముక్కల మీద పదకొండు సెంట్లు కొట్టించుకుని వాసన చూశాడు. చివరికి సబ్బుకీ కిరసనాయిలుకీ తేడా తెలియకుండా పోయింది. రెండో కొట్లో కుర్రాడు పరాయి మగాడి మెడ వాసన చూడటం తనవల్ల కాదన్నాడు. మూడో కొట్లో అమ్మాయి ఈ సెంటు ఎవరు వాడతారని అడిగింది. మా ఆవిడే అన్నాడు. "అయితే ఆవిడనే పేరు అడిగితే పోయేది కదా సార్," అంది. ఆ పిల్ల మాట వినుంటే బాగుపడేవాడు.

ఎండ ముదిరేకొద్దీ వాసన తగ్గుతుందేమో, ఇక పోల్చుకునే దారి కూడా ఉండదేమో అని ఆయన భయం. అది తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. బస్సులో పక్కనున్నాయన ఒకసారి ఎగాదిగా చూసి ముందు సీటుకి మారిపోయాడు.

నాలుగో కొట్లో పెద్దావిడ కూర్చునుంది. ఆవిడ లేచి, మునివేళ్ళ మీద నిలబడి, కళ్ళు మూసుకుని ఆయన మెడ దగ్గర గట్టిగా పీల్చింది. వచ్చినవాళ్ళంతా చోద్యం చూస్తుంటే ఈయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఎండాకాలం సెంటు బాబూ," అంది. "ఆడవాళ్ళు పగటిపూట వాడేది. ఒంటికి వేడి తగిలేకొద్దీ విచ్చుకుంటుంది. ముందు నారింజ పూలు, తర్వాత మల్లెపూలు." అని, పై అర నుంచి సన్న మెడ ఉన్న పసుపుపచ్చ సీసా దించింది. కాగితం మీద కొట్టి చొక్కా పక్కన పెట్టి చూస్తే అచ్చం అదే. ఈ సెంటు ఎంచుకున్నది ఎవరోగానీ మంచి అభిరుచి ఉన్న మనిషని ఆవిడ మెచ్చుకుంది. డాక్టరమ్మని తలుచుకుని ఆయన కూడా అవునన్నాడు.

సాయంత్రం రంగు కాగితం చుట్టిన పెట్టె భార్య చేతిలో పెట్టాడు. ఆమె విప్పి, మణికట్టు మీద ఒక్కసారి నొక్కి వాసన చూసుకుంది.

"అదే," అంది.

"చెప్పానుగా," అని ఆయన కుర్చీలో కాళ్ళు బారజాపాడు. ఇకమీదట ఏ చొక్కాకి ఈ వాసన అంటినా అది ఇంట్లో వాసనే. ఒక్క సీసాతో ఇంత లాభం ఉంటుందని ముందు తెలిసుంటే ఎప్పుడో కొనేవాడు.

ఆమె లోపలికెళ్ళి వచ్చింది. చేతిలో అలాంటిదే ఇంకో పసుపుపచ్చ సీసా ఉంది. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"మొన్న నేనే కొనుక్కున్నానండీ," అంది. "ఇవాళ పొద్దున మీరు స్నానానికి వెళ్ళినప్పుడు తీశాను. సీసా మూతి అటు తిరిగి ఉందని చూసుకోకుండా నొక్కేసరికి, కొక్కేనికి ఉన్న మీ చొక్కా మీద పడింది. ఈ దుబారా ఎందుకని తిడతారేమో అనిపించింది. అందుకే మీకు తెలుస్తోందా అని అడిగాను."

ఆయన బారజాపిన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. గొంతు మాత్రం పొద్దుటిలాగే మెత్తగా ఉంది.

"ఇంతకీ ఆ వాసన ఎవరిదనుకున్నారండీ?"