ఆగకుండా ఆడే డబ్బా

“ధర తక్కువలో ఉండాల. పద్దెనిమిది దినాలూ ఆగకుండా ఆడాల. అట్లాంటి డబ్బా సూపీ పాపా.”

కుప్పయ్య చొక్కా లోపలి జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి కౌంటరు మీద పెట్టాడు. తిరుపతి గాంధీ రోడ్డులో ఆ టీవీల షాపుకు ఆ పూట అతనిదే మొదటి బేరం. అమ్మకాలు చూసే పవిత్ర, అందులో ఏం వీడియోలున్నాయని అడిగింది.

కుప్పయ్య చెప్పుకొచ్చాడు. వాళ్ళది పుత్తూరు దగ్గర పల్లె. ఏటా ధర్మరాజుల గుడి ముందర, భారతం మిట్ట మీద, నాటకమోళ్ళను పిలిపించి పద్దెనిమిది దినాలు భారతం ఆడిస్తారు. పోయినేడు పెళ్ళి వీడియోలు తీసే మనిషిని పెట్టి ఆటంతా తీయించుకున్నారు. ఇంక ఈ ఏటి నుంచి నాటకమోళ్ళు వద్దు, తెర కట్టి ప్రొజెక్టరుతో ఆ వీడియోలే వేసుకుందాం అని గుడి కమిటీ పెద్ద మునిరామయ్య తేల్చేశాడు. వాళ్ళకు కూలి, కూడు, పడక, పైన వాళ్ళ అలకలు, ఎందుకొచ్చిన గోల అన్నాడట. డబ్బా మొరాయిస్తే మాత్రం మళ్ళీ నాటకమోళ్ళకు తాంబూలం ఇచ్చి పిలవక తప్పదని కూడా అన్నాడట. టవునుకు పోయి మంచీచెడ్డా చూసి డబ్బా కొనుక్కొచ్చే పని కుప్పయ్య మీద పెట్టారు.

“మరి ఆ నాటకమోళ్ళు ఊరుకున్నారా?” అంది పవిత్ర.

“ఊరుకోక ఏం జేస్తారు? కమిటీవోళ్ళు సెప్పినారు. వాళ్ళు తలకాయ ఊపినారు.”

ఎన్నడూ భారతం మొహం చూడని పవిత్రకే అయ్యో పాపం అనిపించింది. ఈ మనిషికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

షాపులో అన్నిటికన్నా చవకది తీసి టీవీకి తగిలించింది. పెన్ డ్రైవ్ గుచ్చితే అందులోని వీడియోలు ఆడించే, అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. అన్నిటికన్నా పెద్ద ఫైలు దుర్యోధనుడిది, అది పెట్టు అన్నాడు కుప్పయ్య.

కిరీటం, భుజకీర్తులు, మొహం నిండా రంగు. గద భుజాన వేసుకుని దుర్యోధనుడు వచ్చాడు. పద్యం అందుకున్నాడు. ఆ గొంతుకు అద్దాలు తుడుస్తున్న మనిషి కూడా గుడ్డ పక్కన పెట్టి ఇటు తిరిగాడు.

“ఏం గొంతు పెద్దాయనా. ఒళ్ళు జలదరిస్తోంది. ఎవరీయన?”

“ఎవుడో ఒకడు. వయసు మళ్ళినోడు. పైకి పొయ్యేటప్పుడు జీర వస్తా ఉండాది, విను. ఊపిరి సాల్లేదు నాయాలికి.”

ఆ మాట అంటుండగానే బొమ్మ నిలిచిపోయింది. దుర్యోధనుడు నోరు తెరిచి, చెయ్యి పైకెత్తి, అలాగే బిగుసుకుపోయాడు. పవిత్ర రిమోట్ నొక్కింది. డబ్బా ఆపి మళ్ళీ పెట్టింది. కాస్త నడిచి మళ్ళీ ఆగింది. పెద్ద ఫైళ్ళను ఇది మోయలేదని, తీసుకోవద్దని తనే చెప్పేసింది.

“దినామూ ఇట్లనే ఆగతాదా?”

“ఆగుతుంది. ఊళ్ళో జనం మధ్య మీకు మాటొస్తుంది.”

కుప్పయ్య ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, ఇదే ఇయ్యి అన్నాడు.

పవిత్రకు ఒళ్ళు మండింది. నాలుగు డబ్బులకు కక్కుర్తి పడి పనికిరాని సరుకు మోసుకుపోయేవాళ్ళను ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది. నీ ఖర్మ అనుకుని బిల్లు కొట్టబోయింది. ఇంతలో పక్క కౌంటరులో ఉన్న ప్రసన్నకుమారి టీవీ వైపు చూసి కిసుక్కున నవ్వింది. రాజుగారు ఆవులిస్తున్నారా అంది. పవిత్ర కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

కుప్పయ్య మొహం కందగడ్డ అయింది.

“బిల్లు వద్దు పాపా. పద్యం నడిమధ్యలో నిలబెట్టే డబ్బా నాకొద్దు. ఊరంతా ఇట్లే నవ్వతాది. సక్కంగా ఆడేది ఇయ్యి.”

రెండోది ఆగలేదు గానీ, పెదవులు ముందు, పద్యం వెనకాల. కుప్పయ్య తల అడ్డంగా ఊపాడు. మూడోది కాస్త ధర ఎక్కువ. పెద్ద ఫైలు దానికి మంచినీళ్ళ ప్రాయం. కుప్పయ్య తానే ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి చూశాడు. పద్యం తెగినచోటి నుంచే అందుకుంది. ధర దగ్గర గీచి గీచి బేరమాడి దాన్నే కట్టించుకున్నాడు.

పవిత్ర ఉండబట్టలేక అడిగింది. “ఇంత మంచిది దొరికింది. ఇంక ఆ నాటకమోళ్ళ గతేంది?”

“కూలికి పోతారు” అని సంచీ చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచాడు.

పల్లెలో భారతం మొదలైంది. దీపాలు పెట్టే వేళకు మిట్ట నిండిపోయేది. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. డబ్బా ఒక్కనాడూ తడబడలేదు. దుర్యోధనుడు గద తిప్పినప్పుడల్లా మగవాళ్ళు ఈలలు వేశారు. ఆడవాళ్ళు తెరకే హారతులు పట్టారు. మునిరామయ్య సంబరం అంతా ఇంతా కాదు. ఆఖరి దినం, జనంలో వెనకెక్కడో కూర్చున్న కుప్పయ్యను పిలిపించి, అందరి ముందరా శాలువా కప్పి మైకు అందుకున్నాడు.

“ఇన్నేండ్లూ ఆ నాటకమోళ్ళతో కలిసి నువ్వు కట్టిన దుర్యోధనుడి యేషం ఇంక ఈ డబ్బాలో బద్రంగా ఉంటాది కుప్పయ్యా, నువ్వు ఉన్నా పోయినా మాకు ఒకటేలే అబ్బా.”